ఊడ్చిన ఇల్లు

ఆ రోజుల్లో నా దగ్గర రెండు సంచులుండేవి. ఒకటి బైబిలు సంచి. రెండోది బడికి పట్టుకెళ్ళే గుడ్డసంచి. అందులో హాజరు పట్టీ, దిద్దాల్సిన పరీక్ష పేపర్లు, వాటి అడుగున పాత దినపత్రికలో చుట్టిన క్వార్టర్ సీసా. ఆదివారం పొద్దున మొదటి సంచి చంకన పెట్టుకుని మందిరానికి వెళ్ళేవాణ్ణి. పొద్దుగూకితే చెయ్యి రెండో సంచి వైపు పోయేది. 1993 నుంచి 2006 దాకా, పదమూడేళ్ళు, ఆ రెండు సంచులూ ఒకదానికొకటి తగలకుండా మోశాను.

మాది ఒంగోలు దగ్గర పల్లె. తరాలుగా బాప్టిస్టు కుటుంబం. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషనరీ క్లౌ దొర పేరుతో కలిపి ఆ కథ మా ప్రాంతంలో చెప్పుకోని క్రైస్తవ ఇల్లు లేదు. మా తాతకి తాత ఆ గుంపులో ఉన్నాడని నాయనమ్మ చెప్పేది. నేను ఆ కథ వింటూ పెరిగాను. నీళ్ళలోకి దిగినవాడు ఒకడు, పైకి లేచినవాడు మరొకడు. నాకూ అలాంటి ఒక రోజు వస్తుందని, ఆ రోజు పొద్దున లేచేసరికి మందు మీద కోరిక చచ్చిపోయి ఉంటుందని ఎదురుచూశాను. ఆ ఎదురుచూపే నన్ను చాలా ఏళ్ళు తాగనిచ్చిందని ఇప్పుడు అర్థమవుతోంది. దేవుడు చేయాల్సిన పని దేవుడు చేయలేదు కదా అని లోలోపల ఆయన మీదకి నెట్టేసేవాణ్ణి.

మొదటిసారి తాగింది ఒక తోటి ఉపాధ్యాయుడి బదిలీ విందులో. అప్పటికి నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడి ఏడాది అయింది. అక్షరాస్యత తరగతుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు సారా అంగళ్ళు మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది. మా బడిలో నేనే పిల్లల చేత ఊరేగింపు తీయించి నినాదాలు చెప్పించాను. సారా తాగేవాళ్ళు వేరు, అప్పుడప్పుడూ విస్కీ పుచ్చుకునే మాస్టారు వేరు అని నిజంగా నమ్మాను. చదువు నాకు నేర్పిన అబద్ధాల్లో అది అన్నిటికంటే పెద్దది.

1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. దొంగచాటుగా తెచ్చుకునే ధైర్యం లేక మానేశాను. రెండేళ్ళు ఒళ్ళు కుదుటపడింది. సండే స్కూల్లో పాఠాలు చెప్పాను. విడుదల పొందాననే అనుకున్నాను. 1997లో నిషేధం ఎత్తేశారు. మా మండల కేంద్రంలో వైన్ షాపు తెరిచిన వారంలోనే నేను ఆ కౌంటరు ముందు ఉన్నాను. ఆ తర్వాత తాగింది ముందు తాగినదానికి రెండింతలు.

లూకా సువార్త పదకొండో అధ్యాయంలో యేసు చెప్పిన చిన్న మాట ఒకటుంది. మనిషిని విడిచిపోయిన అపవిత్రాత్మ ఎక్కడా నెమ్మది దొరక్క తిరిగొస్తుంది. వచ్చి చూస్తే ఇల్లు ఊడ్చి, అలంకరించి ఉంటుంది. అప్పుడది తనకంటే చెడ్డవాటిని మరో ఏడింటిని తోడు తెచ్చుకుని కాపురం పెడుతుంది. చిన్నప్పుడు అది దయ్యాల కథ అనుకున్నాను. 1997లో అది నా కథ అయింది. ఆ ఇంట్లో మురికి లేదు. శుభ్రంగానే ఉంది. కాకపోతే లోపల ఎవరూ లేరు. నిషేధం నా ఇల్లు ఊడ్చింది. ఆ రెండేళ్ళలో అందులోకి ఎవరినీ పిలవకుండా తలుపులేసుకుని కూర్చున్నది నేను.

ప్రార్థన చేయలేదని అనుకోకండి. చేశాను, ఏడ్చి చేశాను. ఏటా డిసెంబరు 31 రాత్రి కూడికలో వాగ్దాన వచనం కార్డు తీసుకుని, దాని వెనక ఇక తాగనని రాసి, తేదీ వేసి సంతకం పెట్టేవాణ్ణి. అలాంటి కార్డులు ఏడు ఇప్పటికీ నా పాత బైబిలులో ఉన్నాయి. ఒక్కటి కూడా సంక్రాంతి దాకా నిలవలేదు.

2001లో ఉజ్జీవ సభలు జరిగాయి. మూడో రాత్రి ప్రసంగం అయ్యాక ముందుకి వెళ్ళి మోకాళ్ళూనాను. లోపల ఏదో తెగినట్టనిపించింది. అది నాటకం కాదు, ఇప్పటికీ చెబుతాను, ఆ రాత్రి దేవుడు నన్ను తాకాడు. కానీ మర్నాడే మైకు నా చేతికిచ్చారు. పందిరి నిండా జనం. ప్రభువు నన్ను తాగుడు నుంచి విడిపించాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. సాక్ష్యానికి అప్పటికి వయసు ఒక్క రోజు.

నలభై రోజులు నిలబడ్డాను. నలభై ఒకటో రోజు పడ్డాను. అసలు కష్టం అక్కడ మొదలైంది. అంతకుముందు తాగుబోతుని అని ఎవరికైనా చెప్పుకునే వీలుండేది. ఇప్పుడు సాక్ష్యం చెప్పినవాణ్ణి. ఎవరికి చెప్పను? చెబితే ఆ రాత్రి దేవుడు చేసింది కూడా అబద్ధమైపోతుందని భయం. దేవుడి పరువు కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకుంటూ నా పరువు కాపాడుకున్నాను. సీసా మరింత లోపలికి పోయింది. లవంగాలు జేబులో ఉండేవి, యాలకులు బల్ల సొరుగులో. వైన్ షాపు మానేసి పక్క ఊరి బెల్టు షాపుకి వెళ్ళేవాణ్ణి, అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు లేరు.

2004లో జరిగింది వివరంగానే చెప్పాలి, ఎవరికైనా ప్రాణం మీదకి రాకుండా పనికొస్తుందేమోనని.

అప్పటికి రోజూ తాగుతున్నాను. ఒక శుక్రవారం మూడు రోజుల ఉపవాస ప్రార్థనకి కూర్చున్నాను, ఇక చుక్క ముట్టనని. మొదటి రోజు సాయంత్రానికే చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. శరీరానికీ ఆత్మకీ పోరాటం అనుకుని ఇంకా గట్టిగా ప్రార్థించాను. రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి. నాకేమీ గుర్తులేదు. చుట్టూ ఉన్నవాళ్ళు దయ్యం బయటికొస్తోందని చేతులుంచి గద్దించారట. నా భార్య ఒక్కతే ఆటో కోసం రోడ్డు మీదకి పరిగెత్తింది.

ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది ఇది. మందు మెదడుని మగత పరుస్తుంది. రోజూ తాగేవాడి మెదడు ఆ మగతకి ఎదురు నిలబడడానికి తన వేగాన్ని పెంచుకుని ఉంటుంది. హఠాత్తుగా మందు ఆపేస్తే ఆ వేగానికి పగ్గం ఉండదు. కొన్ని గంటల్లో వణుకు మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి మతి చెదిరి, లేని పురుగులూ మనుషులూ కనిపించవచ్చు. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. విటమిన్ బి1 ఇంజెక్షన్లు ఇచ్చారు. వణుకు తగ్గే బిళ్ళలు మొదలుపెట్టి, రోజురోజుకీ మోతాదు తగ్గిస్తూ వారంలో ఆపేశారు.

మా సంఘంలో ఆ రాత్రి చేతులుంచినవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళకి తెలిసిన ప్రేమ అదే. కానీ ఏ పాస్టరు గారైనా, ఏ సంఘ పెద్దయినా ఇది చదువుతుంటే చేతులు జోడించి అడుగుతున్నాను: రోజూ తాగే మనిషిని డాక్టరుకి చూపించకుండా ఉపవాసానికి కూర్చోబెట్టకండి. పౌలుకి లూకా తోడున్నాడు, లూకా వైద్యుడు.

ఒళ్ళు బాగుపడింది. మూడు నెలలకి మళ్ళీ మొదలుపెట్టాను. డాక్టరు విషాన్ని దించారు. రహస్యం మాత్రం నాలోనే ఉంది.

2006 ఆగస్టు మొదటి ఆదివారం. మా మందిరంలో ప్రభువు బల్ల నెలకొకసారి, మొదటి ఆదివారం. మేము వైను వాడం. ఎండు ద్రాక్ష నానబెట్టి కాచి తీసిన రసమే చిన్న చిన్న కప్పుల్లో పోస్తారు. నాలాంటివాళ్ళ మీద అది ఎంత పెద్ద దయో తెలియకుండానే మా పెద్దలు ఆ పద్ధతి పెట్టారు. కొన్ని సంఘాల్లో అసలు వైనే ఇస్తారు. అక్కడి పెద్దలు నాలాంటి ఒక్కడి కోసమైనా పక్కన ద్రాక్షరసం కప్పు ఉంచితే బాగుండును. ఆ పొద్దున నేను జీవితంలో మొదటిసారి పళ్ళు తోముకోకముందే తాగాను. అలా బల్ల దగ్గరికి రాకూడదని నాకు తెలుసు. తీసుకోకుండా లేచిపోతే వరసలో అందరూ చూస్తారు. కప్పు తీసుకుని, తల వంచి, తాగకుండా తిరిగి పళ్ళెంలో పెట్టేశాను.

కప్పులు సేకరించి కడిగే పని ఒక పెద్దాయనది. లారీ డ్రైవరుగా పనిచేసి మానేశాడు. వరసకి బాబాయి అవుతాడు. పెద్దగా చదువుకోలేదు, మందిరంలో ఎప్పుడూ మైకు పట్టుకోలేదు. ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద నన్ను ఆపాడు.

"మీ వరసలో ఒక కప్పు నిండుగా తిరిగొచ్చింది అబ్బాయ్."

నేను మాట్లాడలేదు. ఆయన అరుగు మీద కూర్చుని పక్కన చోటు చూపించాడు. చాలాసేపు ఏమీ అడగలేదు. చివరికి నేనే చెప్పాను. పదమూడేళ్ళ సంగతి చెప్పడానికి పావుగంట కూడా పట్టలేదు.

"లారీ మీద పద్దెనిమిదేళ్ళు తిరిగినవాణ్ణి. నీ నోటి లవంగం వాసన ఏడాది నుంచి నాకు తెలుసు."

"మరి అడగలేదేం బాబాయ్?"

"అడిగితే లేదంటావు. నీ చేత ఇంకో అబద్ధం చెప్పించడం ఎందుకని."

ఆయన కూడా ఒకప్పుడు తాగి, మానినవాడేనని ఆ రోజే తెలిసింది. నా మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తాడనుకున్నాను. చేశాడు, మూడు ముక్కల్లో. తర్వాత చెప్పింది వేరే. "రేపు డాక్టరు దగ్గరికి పోదాం, నేనూ వస్తా. అది అయ్యాక రోజూ సాయంత్రం ఆరింటికి మా ఇంటికి రా. రేపటి రోజు గురించి నాకేం మాటివ్వొద్దు. వచ్చి కూర్చో, అంతే."

ఆరు గంటలు నాకు చెడ్డ గంట. బడి అయిపోయి, ఇల్లు ఇంకా చేరక, మధ్యలో ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని గంట. ఆ గంటని ఆయన తీసేసుకున్నాడు. వేరుశనక్కాయలు వలిచాం, మల్లెచెట్లకి నీళ్ళు పోశాం, మందిరం తలుపులకి రంగు వేశాం. వెళ్ళిన ప్రతిసారీ ఒకే ప్రశ్న, "ఎట్టుంది ఇవ్వాళ?" నిజం చెప్పడమే నా వంతు. కోరిక పుట్టిన రోజు పుట్టిందనే చెప్పేవాణ్ణి. అలా బయటికి అనేసరికి దాని బరువు సగమయ్యేది. ఎందుకు తగ్గుతుందో నాకు తెలియదు. ప్రతిసారీ తగ్గింది.

ఆ డిసెంబరులో ఒక పెళ్ళిలో పడ్డాను. మర్నాడు ఆరింటికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. వెళ్ళాను. తిడతాడనుకున్నాను, కనీసం నిట్టూరుస్తాడనుకున్నాను. ఆయన లారీ ఎక్కడ ఆగిపోయిందో అడిగినట్టు అడిగాడు. ఎన్నింటికి? పక్కన ఎవరున్నారు? అంతకుముందు ఎప్పుడు తిన్నావు? ఇంట్లో ఏమన్నా మాటా మాటా అనుకున్నారా? జీతం వచ్చి ఎన్నాళ్ళయింది? ఒక్కొక్కటీ చెబుతుంటే నాకే తెలిసింది, నేను ఎప్పుడూ ఒకే మలుపు దగ్గర బోల్తా పడుతున్నానని. ఆకలి, ఇంట్లో మాట పట్టింపు, చేతిలో కొత్త జీతం, ఈ మూడూ కలిసిన రోజున పడతాను. పదమూడేళ్ళు దేవుణ్ణి క్షమించమని వేడుకున్నాను. ఎలా పడ్డానని ఒక్కసారైనా ఆయన ముందు కూర్చుని చూసుకోలేదు. క్షమాపణ దొరికిన హాయిలో, కారణం వెతికే పని ఎగ్గొట్టేవాణ్ణి. 2008లో ఇంకోసారి పడ్డాను. అదే ఆఖరిది.

యాకోబు తన పత్రిక చివరి అధ్యాయంలో పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమన్నాడు, స్వస్థత పొందేలా ఒకరి కోసం ఒకరు ప్రార్థించమన్నాడు. మన సంఘాల్లో ఆ వచనం రెండో సగమే ఎక్కువ వినబడుతుంది. ప్రార్థన చేయడానికి మనకి మనుషులున్నారు. ఒప్పుకోవడానికి లేరు. దేవుడితో ఒంటరిగా ఒప్పుకుంటే చాలదా అని నేనూ చాలా ఏళ్ళు వాదించాను. క్షమాపణకి చాలు, అందులో నాకు అనుమానం లేదు. కానీ నా రోగం దాచుకోవడంలో ఉంది, దేవుడి దగ్గర దాచడానికి ఏమీ ఉండదు. ఎవరి దగ్గర దాచామో వాళ్ళ దగ్గర నోరు విప్పితేనే ఆ దాపరికం విరుగుతుంది.

తర్వాత చదువుకుంటుంటే ఈ సంగతే చాలా చోట్ల కనిపించింది. అమెరికాలో ఆక్రన్ అనే ఊరు, 1935 మే నెల. బిల్ విల్సన్ అనే వ్యాపారి తాగుడు మాని అయిదారు నెలలయింది. పని చెడిపోయి హోటల్లో ఒంటరిగా నిలబడ్డాడు, ఒక పక్క బారు నుంచి మాటలు వినబడుతున్నాయి. మరో పక్కన ఊళ్ళోని చర్చీల పేర్ల పట్టిక ఉంది. తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడకపోతే నిలవలేనని ఒక పాదిరికి ఫోన్ చేశాడు. అలా అలా డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్‌ని కలుసుకున్నాడు. ఆ ఏడు జూన్ 10న డాక్టరు తాగుడు మానిన రోజునే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కిస్తారు. ఇవాళ మన నగరాల్లో కూడా జరిగే ఆ కూడికలకి మూలం అది. ఒకరి దగ్గర ఒకరు పాపాలు ఒప్పుకునే పద్ధతి వాళ్ళకి ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సహవాసం నుంచి వచ్చింది. అంటే మన ఇంటి దీపమే అది. మనం ఆర్పుకున్నాం, వాళ్ళు వెలిగించుకున్నారు.

అంతకంటే నన్ను కదిలించింది పాత కథ. సంఘ పితరుడు అగస్టీను తన 'ఒప్పుకోలు'లో తల్లి మోనికా చిన్ననాటి సంగతి రాశాడు. పీపాలోంచి ద్రాక్షారసం తోడి తెచ్చే పని ఆ పిల్లదట. ఒక్కొక్క చుక్క పెదవికి తగిలించుకుంటూ మొదలుపెట్టి, చాటుగా గ్లాసులకి గ్లాసులు తాగే దాకా వెళ్ళింది. ఒకరోజు పోట్లాటలో ఇంటి పనిపిల్ల ఆమెని తాగుబోతు అని తిట్టింది. ఆ మాట గుచ్చుకుని మోనికా ఆ అలవాటు మానేసింది. పరిశుద్ధురాలని లోకమంతా చెప్పుకునే తల్లిని దారిలో పెట్టింది, ఆమె రహస్యం చూసిన ఇంకో మనిషి. అగస్టీను బిషప్ అయ్యాక రాసిన పుస్తకం అది. పదో భాగానికి వచ్చేసరికి మారుమనస్సు కథ ముగిసిపోయి ఉంటుంది. అయినా ఆయన ఆగడు. ఇంకా తనని లాగుతున్న కోరికలు, తిండి విషయంలో తన పోరాటం కూడా దాచకుండా రాస్తాడు. గెలిచేశానని చెప్పే సాక్ష్యం కాదది. యుద్ధం మధ్యలో నిలబడి రాసినది. మన మైకుల ముందుకి అలాంటి మాట వచ్చి ఎన్నాళ్ళయింది?

గుండ్లకమ్మ కథ కూడా సరిగ్గా తెలుసుకున్నాక వేరేగా కనిపించింది. ఆ ఒక్క రోజుకి ముందు ఘోరమైన కరువు నడిచింది. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. నెలల తరబడి పగలు మట్టి మోసి, సాయంత్రాలు వాక్యం విని, ఎదురుచూసి, ప్రశ్నలకి జవాబులిచ్చి, ఆ తర్వాతే జనం నీళ్ళలోకి దిగారు. నాయనమ్మ నాకు జులై 3 చెప్పింది. కాలువ గట్టు మీది సాయంత్రాల గురించి చెప్పలేదు.

ఆసుపత్రికి ముందూ తర్వాతా దాచినదంతా నా భార్యకి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. చెప్పాను. "సీసా మూత నీళ్ళబిందె పక్కన దొరికిన రోజే నాకు తెలుసండీ" అంది. అది ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఎనిమిదేళ్ళు ఆమె కూడా ఒక సంచి మోసింది. దేవుడు క్షమించినంత తొందరగా ఇల్లు నమ్మదు, నమ్మాలని అడిగే హక్కు కూడా నాకు లేదు. నాలుగేళ్ళ పాటు నా చొక్కా వాసన చూశాకే బకెట్లో వేసేది. అది మానేసిన రోజు ఆమె చెప్పలేదు, నేను చూశాను.

బాబాయి 2014లో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. సమాధి దగ్గరి నుంచి తిరిగొస్తుంటే సరిగ్గా ఆరవుతోంది. భయం వేసింది. ఆ సాయంత్రం మందిరం అరుగు మీదే కూర్చున్నాను.

ఇప్పుడు ఆరింటికి మా అరుగు మీదకి ఒక కుర్రాడు వస్తాడు. మా సంఘంలో గిటార్ వాయిస్తాడు. అతనిది మందు కాదు, ఫోన్లో పేకాట. 2020లో మన రాష్ట్ర ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. అతను కొన్నాళ్ళు ఆగాడు, తర్వాత ఇంకో దారి వెతుక్కున్నాడు. నిషేధం ఏం చేయగలదో, ఏం చేయలేదో నాకు తెలుసు కాబట్టి ఆశ్చర్యపోలేదు. వాళ్ళ నాన్నకి తెలియని అప్పు ఎంతో నాకు చెప్పాడు. పోయిన నెల వాళ్ళ నాన్నకీ చెప్పాడు.

నిన్న అతను రాలేదు. ఫోనూ ఎత్తలేదు. ఇవ్వాళ అయిదున్నరకే బయల్దేరి నేనే వాళ్ళింటికి వెళ్తున్నాను.